శేషం తొమ్మిది

2,12,38,579. రెండు కోట్ల పన్నెండు లక్షల ముప్పై ఎనిమిది వేల ఐదు వందల డెబ్బై తొమ్మిది. ఈ సంఖ్య గురించి నాకు తెలిసినంత ఇప్పుడు ఇంకెవరికీ తెలియదు. తెలిసిన ఇంకొకడు పోయాడు. దీని అంకెలు కూడితే ముప్పై ఏడు వస్తుంది కాబట్టి మూడో ఎక్కంలో పోదు. ఏడుతో భాగిస్తే ఐదు మిగులుతుంది, పదకొండుతో పది, పదమూడుతో పదకొండు. నాలుగుతో భాగిస్తే మూడు మిగులుతుంది, అందువల్ల దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయడం ఎవరి తరమూ కాదు. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఏడాదికి పైగా పక్క మంచం మీద పడుకున్న మనిషి సంగతి మాత్రం నాకు తెలియలేదు. ఏం చదువు నాది!

నా పేరు రాంచందర్. ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. నా కోపం సంగతి ఇబ్రహీంపట్నం నుంచి యాచారం దాకా ఎవరినడిగినా చెబుతారు, కొందరు చెవి తడుముకుంటూ చెబుతారు. రిటైరైన మూడో ఏడు కిడ్నీలు పాడయ్యాయి. మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం పన్నెండుకి సాగర్ రోడ్డు మీది డయాలసిస్ సెంటర్‌కి వెళ్లాలి. ఇరవై రెండు మెట్లెక్కాలి. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి మిషన్‌కి కట్టేస్తే నాలుగు గంటలు అట్లాగే పడి ఉండాలి. ఒంట్లోంచి నెత్తురు ట్యూబులో బయటికి పోయి, కడుక్కుని, ఇంకో ట్యూబులో తిరిగి వస్తుంటుంది. ముప్పై నాలుగేళ్లు పిల్లల్ని బెంచీ ఎక్కించినవాణ్ని. ఇట్లా కట్టేయించుకుని పడుకోవడం నాకు చచ్చేంత చిన్నతనంగా ఉండేది.

పక్క మంచం శ్రీశైలానిది. యాచారం అవతల వాళ్లకు మూడెకరాలుండేది, ఫార్మా భూసేకరణ కింద పోయింది. ఆ తర్వాత ఆటో కొని యాచారం, ఇబ్రహీంపట్నం మధ్య తోలాడు. కిడ్నీలు పోయాక ఆటో కూడా అమ్మేశాడు. నలభై ఐదేళ్లుంటాయేమో. నోరు మూతపడేది కాదు. పదో తరగతి మూడుసార్లు తప్పాడు, మూడుసార్లూ లెక్కల్లోనే. నా దగ్గర చదివి ఉంటే నాలుగోసారి కూడా తప్పేవాడివని మొదటి రోజే అన్నాను. అదేదో మెచ్చుకోలన్నట్టు వార్డంతా వినిపించేలా నవ్వాడు.

పోయినేడు జూన్‌లో నేను వరసగా రెండు రోజులు సెంటర్‌కి ఎగ్గొట్టాను. ఇక చాలు, పోతే పోతాననుకున్నాను. కాళ్లు వాచి, ఊపిరాడక, మా ఆవిడ ఏడ్చి గోల చేస్తే మూడో రోజు, గురువారం, వచ్చాను. నర్సు సుసన్న సిస్టర్ మందలించింది. ఆమె మీద విరుచుకుపడ్డాను. బతికి ఎవరిని ఉద్ధరించాలి, నన్ను వదిలేయండి అని అరిచాను. ఎనిమిది మంచాల వాళ్లూ చూశారు. అప్పుడు శ్రీశైలం మెడ చాపి నా మిషన్ పక్క చూశాడు. అక్కడ ఒక స్టిక్కర్ ఉంది. నాకు కనబడదు, అతని మంచానికి ఎదురుగా ఉంటుంది.

"సార్, నీ మిషిన్ పక్కపొంటి ఎనిమిది అంకెల నంబరున్నది," అన్నాడు. "గిది ఏ ఎక్కంల పోతది?"

నోరు మూసుకోమన్నాను. అయినా ఒక్కొక్క అంకే చదివాడు. లెక్కల సారు చెవిలో సంఖ్య పడితే ఊరుకుంటాడా? కళ్లు మూసుకుని ఏడుతో, పదకొండుతో, పదమూడుతో చూశాను. పోలేదు. పదిహేడు, పంతొమ్మిది, ఇరవై మూడు. పోలేదు. సుసన్న బీపీ చూడ్డానికి వచ్చినప్పుడు గడియారం చూస్తే గంటన్నర అయింది. ఆ గదిలో నాకు టైం తెలియకపోవడం అదే మొదలు.

ఏ ఎక్కంలోనూ పోకపోతే ఏమంటారని అడిగాడు. ప్రధాన సంఖ్య అంటారు, ఏడో తరగతిలో చెప్పలేదా అన్నాను. చెప్పే ఉంటరు, నేనే ఇన్లే అన్నాడు. అది తేల్చాలంటే ఎంత దూరం వెతకాలని అడిగాడు. మంచి ప్రశ్న. ఒక సంఖ్య రెండుగా విరిగితే ఆ రెంటిలో చిన్నది దాని వర్గమూలం దాటదు. మన సంఖ్యకి వర్గమూలం 4608 పైన కొంచెం. కాబట్టి అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. ఇంటికెళ్లి జల్లెడ పట్టాను. ఆరు వందల ఇరవై మూడు వచ్చాయి.

ఆ గురువారమే నేను ఒక మాట అన్నానట. "ఈ సంఖ్య తేలేదాంక వస్త. తేలిననాడు ఈ మెట్లెక్కుడు బంద్." నాకు గుర్తు లేదు. నోటికొచ్చింది అనేసి మరిచిపోవడం నాకు అలవాటు. సుసన్నకి గుర్తుంది. శ్రీశైలానికి మరీ గుర్తుంది.

పని పంచుకున్నాం. రెండు వేల లోపువి మూడు వందల మూడు, అవి నావి. పైన మూడు వందల ఇరవై, అతనివి. చిన్న సంఖ్యలతో పోయే అవకాశం ఎక్కువ కదా, తేల్చిన పేరు నాకే రావాలని అట్లా పంచాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఫోన్ ముట్టుకోవద్దన్నాను. ఫోన్‌లో చిటికెలో తేలుతుందని నాకు తెలియదా? చిటికెలో తేల్చుకుని నాలుగు గంటలు ఏం చేయను?

శ్రీశైలం రెండు నోటుబుక్కులు కొనుక్కొచ్చాడు. ఒకటి రఫ్, ఒకటి ఫెయిర్. నా పద్ధతి అది. గీకుడు, కొట్టివేతలు రఫ్‌లో ఉండాలి, తేదీ వేసి. ఫెయిర్‌లో భాజకం, భాగఫలం, శేషం వరసగా ముత్యాల్లాగా రాయాలి. నేను ఫెయిర్ మాత్రమే దిద్దుతాను. రఫ్ ముట్టుకోను, నా సర్వీసంతా ముట్టుకోలేదు. అతను మిషన్‌కి కట్టిన చెయ్యి కదలకుండా, పొట్ట మీద అట్ట పెట్టుకుని, కుడి చేత్తో భాగహారాలు చేసేవాడు. రోజుకు రెండు పూర్తయ్యేవి. నేను ఎర్ర పెన్నుతో టిక్ పెట్టేవాణ్ని.

దిద్దడానికి తొమ్మిదుల పరీక్ష వాడేవాణ్ని, అతనికి కూడా నేర్పాను. మన సంఖ్య అంకెలు కూడితే ముప్పై ఏడు, మళ్లీ కూడితే పది, మళ్లీ కూడితే ఒకటి. భాజకాన్నీ భాగఫలాన్నీ అట్లాగే ఒక్కో అంకెకు తెచ్చి, రెండూ గుణించి, శేషం కలిపితే చివరికి ఒకటే రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు పోయినట్టు. అది నేర్చుకున్న రోజు అతని సంతోషం చూడాలి. ఆటో నంబర్లు, బస్సు టికెట్లు, సుసన్న రాసే బీపీ, దేన్నీ వదిలేవాడు కాదు. గీ ఒక్క ముచ్చట అప్పుడు ఎవరన్న చెప్తే నేను పదో తరగతి గట్టెక్కేటోన్ని సార్ అన్నాడు. నేను కసిరాను. నిజానికి నాకు ఎంత బాగనిపించిందో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు.

అట్లా ఎనిమిది నెలలు గడిచాయి. ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. కాళ్ల వాపు పోయింది. మంగళవారం పొద్దున్నే పెన్నులు సర్దుకుంటున్నానని మా ఆవిడ మా అల్లుడికి ఫోన్‌లో చెప్పి నవ్వింది.

ఫిబ్రవరి నడిమి నుంచి శ్రీశైలం నెమ్మదించాడు. రోజుకు ఒకటే. ఒక్కోసారి అది కూడా సగంలో ఆపి, కళ్లు తిరుగుతున్నయ్ సార్, మల్ల జేస్త అనేవాడు. నా వాటా మే నెలలో అయిపోయింది. మూడు వందల మూడింటిలో ఒక్కదాంట్లోనూ పోలేదు. ఇక అంతా అతని చేతిలోనే ఉంది, అతనేమో నత్తలాగా పాకుతున్నాడు. రోజూ తిట్టేవాణ్ని. అందులో కొన్ని నాకిమ్మన్నాను. ఇయ్య సార్, నా వంతు నాదే అన్నాడు. ఆ మొండితనం చూసి నాకింకా మండేది.

ఆగస్టు మొదటి శనివారం. మిషన్ సిద్ధం చేయడం ఆలస్యమైంది. ఊరికే కూర్చోలేక అతని ఫెయిర్ పుస్తకం పాత పేజీలు తిరగేస్తున్నాను. ఒక వరస దగ్గర కన్ను ఆగింది. భాజకం 3463. భాగఫలం 6133. శేషం 9. పక్కన నా ఎర్ర టిక్. రెంటి చివరా మూడే. మూడు మూళ్లు తొమ్మిది, దానికి శేషం తొమ్మిది కలిపితే పద్దెనిమిది. అంటే చివర ఎనిమిది రావాలి. మన సంఖ్య చివర తొమ్మిది ఉంది. ఒకటో తరగతి పిల్లవాడు పట్టుకునే తప్పు. పుస్తకం వెనక అట్ట మీదే గుణించాను. 3463 సార్లు 6133 సరిగ్గా 2,12,38,579. శేషం సున్నా.

సంఖ్య ఎప్పుడో తేలిపోయింది. ఆర్నెల్ల కింద. ఈ తలకాయ లేనివాడు సున్నా రావలసిన చోట తొమ్మిది రాసి, ఆ తర్వాత ఇంకో డెబ్బై భాగహారాలు చేశాడు. తొమ్మిదుల పరీక్షకు తొమ్మిది తేడా కనబడదు. తొమ్మిది కలిపినా, సున్నా కలిపినా దానికి ఒకటే. అందుకే నేను టిక్ పెట్టాను. నా టిక్ కూడా తప్పు చేయించాడని నాకు ఒళ్లు మండిపోయింది.

పుస్తకం అతని మంచం మీదికి విసిరాను. అది జారి కింద పడింది. ఎనిమిది మంచాలూ వింటుండగా అన్నాను. "నీకు భాగారం రాదు. మూడుసార్లు తప్పినోనికి అప్పజెప్పిన, నాదే బుద్ధి తక్కువ. ఆటో తోలుకునేటోనికి లెక్కలెందుకు?" అప్పటికి అతనికి తోలుకోవడానికి ఆటో కూడా లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

శ్రీశైలం మొహం పాలిపోయింది. కోపం రాలేదు, భయపడ్డట్టు ఉన్నాడు. మందిలో మాట పడ్డందుకని నేననుకున్నాను.

"తప్పయింది సార్," అన్నాడు. "అయితే లెక్క అయిపోయినట్టేనా?" అన్నాడు.

"అయిపోయింది."

అంతే. పోయేటప్పుడు సుసన్న ఫెయిర్ పుస్తకం ఏరి నా సంచిలో పెట్టింది, అతను రఫ్ పట్టుకుని పోయాడు. మంగళవారం వచ్చేసరికి పక్క మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. శ్రీశైలం అడిగి పొద్దున బ్యాచ్‌కి మారాడని సుసన్న చెప్పింది. పొమ్మను అనుకున్నాను. తప్పు చేసింది తను, పైగా అలుగుతాడా? వచ్చి మాట్లాడితే నేనూ మాట్లాడదామని ఊరుకున్నాను.

నేను మాత్రం రావడం మానలేదు. మానాలన్న ఆలోచనే లేదు. ఏడాది అలవాటు, కాళ్లు వాటంతటవే మెట్లెక్కేవి.

రెండు మూడుసార్లు అతన్ని చూశాను. సెంటర్ కింద చాయ్ బండి ఉంది, దాని పక్కన బల్ల. చేతికి దూది పట్టీతో, తలకి తువ్వాలు చుట్టుకుని అక్కడ కూర్చుని ఉండేవాడు. పొద్దున బ్యాచ్ పదింటికే అయిపోతుంది, పన్నెండింటికి ఈ మనిషికి ఇక్కడేం పని అనుకుని మొహం తిప్పుకుని ఎక్కిపోయేవాణ్ని. ఒకరోజు మెట్ల మలుపు దగ్గర ఎదురే పడ్డాడు. పైన ఏదో కాగితం మరిచిపోయి వచ్చాడట. గోడకి ఒదిగి నాకు దారిచ్చాడు.

"వస్తనే ఉన్నవ్ గద సార్?" అన్నాడు.

ఎత్తిపొడుపనుకున్నాను. లెక్క అయిపోయాక కూడా సిగ్గు లేకుండా వస్తున్నావా అని అడిగినట్టు వినిపించింది నాకు. మాట్లాడకుండా ఎక్కిపోయాను. వెనక నుంచి అతను దిగుతున్న చప్పుడు కాసేపు రాలేదు. నేను పైదాకా ఎక్కేవరకు అక్కడే నిలబడ్డాడేమో. వెనక్కి తిరిగి చూడలేదు.

సెప్టెంబర్‌లో ఒక సోమవారం పొద్దున ఛాతీలో నొప్పి వచ్చి, దవాఖానకు తెచ్చే దారిలోనే పోయాడు. మంగళవారం సుసన్న చెప్పింది. ఆ రోజు మిషన్ నాలుగు గంటలు నడిచిందో నలభై గంటలు నడిచిందో నాకు తెలియదు.

పదకొండో రోజున వాళ్ల ఊరు వెళ్లాను. యాచారం దాకా బస్సులో, అక్కణ్నుంచి ఆటోలో. ఫెయిర్ పుస్తకం సంచిలో పెట్టుకున్నాను, ఇచ్చేసి వద్దామని. అతని భార్య మంజుల నన్ను చూడగానే గుర్తుపట్టింది. లెక్కల సారు అని లోపలికి పిలిచి కుర్చీ వేసింది. పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. ఆమె లోపలికి వెళ్లి ఇంకో పుస్తకం తెచ్చింది. రఫ్.

ముప్పై నాలుగేళ్లలో నేను తెరిచిన మొదటి రఫ్ పుస్తకం అది. ఫిబ్రవరి 11 తేదీ వేసిన పేజీ దగ్గర ఆగాను. 3463తో భాగహారం. శేషం సున్నా. దాని కింద మళ్లీ అదే భాగహారం. సున్నా. మూడోసారి కూడా సున్నా. ఒక్క అంకె ఎక్కడా తప్పు లేదు. ఆ కింద పక్కగా శేషం 1 అని రాసి, తొమ్మిదుల పరీక్ష చేసి, సరిపోక కొట్టేశాడు. శేషం 2, కొట్టేశాడు. 5, కొట్టేశాడు. తర్వాత 9. 3463 ఏడుకి, 6133 నాలుగుకి దిగుతాయి. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, దాన్ని కూడి ఒకటి, తొమ్మిది కలిపితే పది, మళ్లీ ఒకటి. సరిపోయింది. తొమ్మిది చుట్టూ సున్న చుట్టాడు.

నా పరీక్షకి ఎక్కడ కళ్లు లేవో వెతికి, సరిగ్గా అక్కడే దాచాడు. భాగారం రాదని నేనన్న మనిషి! చివరి అంకెలు చూసే ఉపాయం అతనికి తెలియదు. నేను నేర్పలేదు.

ఎందుకిట్లా చేశాడని అడిగాను. మంజుల అటు గోడ వైపు చూస్తూ చెప్పింది.

"గా లెక్క తేలితే సార్ మిషిన్ కాడికి రాడంట. అందుకే తేలనిస్తలేను అన్నడు. ఎందుకట్ల రోజు తిట్లు పడుతవ్ అంటే, తిట్టేతందుకన్న వస్తుండు గద, తిట్టనియ్ అన్నడు."

మరి పొద్దున బ్యాచ్‌కి ఎందుకు మారాడని అడిగాను. తన మొహం చూస్తే సారుకు లెక్క అయిపోయింది యాదికొస్తదని, యాదికొస్తే మానేస్తడని భయపడ్డాడట. ఇంటికి తిరిగొచ్చే బస్సు పదిన్నరకే ఉన్నా ఎక్కేవాడు కాదట. సూదులు తీసిన ఒంటితో, చాయ్ బండి దగ్గర రెండు గంటలు కూర్చుని, నేను మెట్లెక్కేది కళ్లారా చూసి, తర్వాత వచ్చిన బస్సు ఎక్కేవాడట. ఇంట్లోకి వస్తూనే చెప్పేవాడట, ఇయ్యాల గూడ వచ్చిండు అని.

ఆమె ముందు ఏడ్చాను. నాకు ఆ అర్హత కూడా లేదు, అయినా ఏడ్చాను. ఆమెకి అసలు మాట ఒకటి చెప్పాలనిపించింది, మీ ఆయనకి లెక్కలు బాగా వచ్చు అని. చెప్పాను. తెల్సు సార్ అంది. నీకు తెల్సని గూడ ఆయనకు తెలిస్తే మంచిగుండేది అంది. ఆమె తిట్టినట్టు అనలేదు.

ఫెయిర్ ఆమె దగ్గరే ఉంచి, రఫ్ ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను. 3463 ప్రధాన సంఖ్య, 6133 ప్రధాన సంఖ్య, రెండూ చేత్తో సరిచూశాను. ఆ రెండూ తప్ప మన సంఖ్యని విరిచేది వేరే ఏదీ లేదు. అందులో చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. ఎర్ర పెన్ను తీసి ఆ ఫిబ్రవరి పేజీలో మూడు భాగహారాలకీ మూడు టిక్కులు పెట్టాను. చూసుకునేవాడు లేడు.

మంగళ, గురు, శనివారాలు ఇప్పటికీ వెళ్తున్నాను. కింద బల్ల మీద ఎవరెవరో కూర్చుని చాయ్ తాగుతుంటారు. మెట్ల మలుపు దగ్గరికి వచ్చేసరికి నా కాలు ఆగిపోతుంది. ఆయాసమా సార్ అని సుసన్న పైనుంచి అడుగుతుంది. ఆయాసమే అంటాను. ఆ రోజు అతను అడిగిన దానికి 'అవ్' అంటే సరిపోయేది. ఒక్క మాట. ఆ మాట అని ఉంటే అతను చాయ్ బండి దగ్గర కూర్చోకుండా పదిన్నర బస్సుకే ఇంటికి పోయి పడుకునేవాడు.